అసలు వాసన

ఆదినారాయణరెడ్డి అంగడి ముందుకొచ్చి నిలబడేసరికి ఇనాయతుల్లా దూది వత్తులకు గులాబీ అత్తరు అద్ది ఒక్కొక్కటే ఇత్తడి పళ్ళెంలో పేరుస్తున్నాడు. పులివెందుల నుంచి వచ్చే మొదటి బస్సు అప్పుడే ఖాళీ అయింది. ప్రొద్దుటూరు బజారు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు.

"రాండి రెడ్డీ, కూర్చోండి" అంటూ చాప దులిపాడు.

రెడ్డి కూర్చోలేదు. కండువా కొంగు విప్పి చిన్న వెండి భరిణె తీసి, అంగడి పలక మీద పెట్టాడు. ఆయన వెనక సేద్యగాడు ఓబులేసు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇదేంది సాయిబూ?"

ఇనాయతుల్లా మూత తీసి చూశాడు. సగం వాడిన కస్తూరి నాభి. నిమ్మకాయంత తోలుసంచి, దాని మీద సుడి తిరిగిన గోధుమరంగు వెంట్రుకలు. "కస్తూరి. మీ కూతురు యశోదమ్మ కానుపుకని ఎండాకాలంలో మీరే గదా తీసుకపోయినారు."

"మనవడు పోయినాడు." రెడ్డి భరిణె వైపు వేలు చూపించాడు. "నలభై దినాల బిడ్డ. మూర్ఛ వచ్చింది. నా చేత్తో తేనెలో రంగరించి నాలిక్కి రాసినా. మూడుసార్లు రాసినా. మధ్యాన్నానికి పోయినాడు. కడప నుంచి వచ్చిన వైద్యుడు దీన్ని చూసి, ఇది కస్తూరి గాదు, ఎండబెట్టిన నెత్తురు అన్యాడు."

పక్క అంగళ్ళ వాళ్ళు మెల్లగా చేరుతున్నారు. ఇనాయతుల్లాకు చెవులు వేడెక్కాయి. గూట్లోంచి సూది, దారం తీశాడు. వెల్లుల్లి రెబ్బ చిదిపి దారానికి పట్టించి, నాభి నోటి దగ్గర గుచ్చి అవతలికి లాగాడు. ఆ దారాన్ని రెడ్డి ముక్కు ముందు పెట్టాడు. "వెల్లుల్లి వాసన ఉందేమో చూడండి. అసలు కస్తూరయితేనే ఆ వాసన చస్తాది. ఇంగో, ఈ కుట్టు చూడండి. రెండు పోగుల అడ్డకుట్టు. మా నాయన కాలం నుంచి ఈ కుట్టున్న నాభి తప్ప మేం ఇంకోటి ముట్టలేదు."

రెడ్డి దారం వాసన చూడలేదు. ఓబులేసు వైపు తల తిప్పాడు. ఓబులేసు ఒక్క క్షణం తటపటాయించి, వంగి, సీసాల పెట్టెను రెండు చేతులా పట్టి వీధిలోకి ఈడ్చాడు. నాలుగైదు సీసాలు రాళ్ళ మీద పడి పగిలాయి. మొగలి, మల్లె, వట్టివేరు వాసనలన్నీ ఒక్కసారిగా బజారంతా కమ్ముకున్నాయి. ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఇనాయతుల్లాకు సీసాలు పగిలిన చప్పుడు కంటే గట్టిగా వినిపించింది.

అతడు లోపలికి పోయాడు. చేతులు, మూతి కడుక్కుని, పచ్చగుడ్డలో చుట్టిన ఖురాను తెచ్చి రెండు చేతులా పట్టుకుని అంగడి మెట్టు మీద నిలబడ్డాడు.

"ఇది అసలు కస్తూరి. ఇందులో కల్తీ ఉందని తేలితే ఈ బజారులో మళ్ళా అంగడి తెరవను. అది చాలదంటే, ఆ మృగం యాడుంటే ఆడికే పోయి, మీ మనిషి చూస్తాండంగా కోసుకొస్తా. రెండూ పక్కపక్కన పెట్టి మీరే వాసన చూడండి."

ఆ చివరి మాటలు అంటానని అనేదాకా అతడికే తెలియదు. రెడ్డి చాలాసేపు ఖురాను వైపే చూశాడు. భరిణె మూతపెట్టి కొంగున కట్టుకున్నాడు.

"ఓబులేసు నీతో వస్తాడు. చార్జీలు నేను పెట్టుకుంటా" అని వెనుదిరిగాడు.

ఇంట్లో భార్య ఖాతూన్‌బీ ఈ సంగతి విని పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే అంది: "నువ్వు అత్తర్లమ్మే మనిషివా, వేటగాడివా? ఎవరైనా కొండలెక్కి ప్రమాణాలు తీర్చుకుంటారా?" కాసేపటికి తనే లేచి, ఇద్దరికీ సరిపడా రొట్టెలు కాల్చి మూటగట్టింది.

*

నాలుగు రైళ్ళు మారి, ఆపైన బస్సులో రెండు రోజులు వంకలు తిరిగి, హిమాలయాల్లోని పీపల్‌కోటిలో దిగేసరికి ఓబులేసుకు వాంతులై మొహం పీక్కుపోయింది. అక్కడి నుంచి జోషీమఠం దాకా నడక. జోషీమఠంలో ఒక బట్టల వర్తకుడు కుందన్‌సింగ్ అనే కొండమనిషిని చూపించాడు. ఉచ్చులు పన్నడం వాళ్ళ ఇంటిపని. కుందన్‌సింగ్ వీళ్ళిద్దరినీ కిందనుంచి పైదాకా చూసి, ఓబులేసు కిర్రుచెప్పుల దగ్గర చూపు ఆపి, "వీటితో మంచులో నడుస్తారా?" అని నవ్వాడు. తన ఊరి మీదుగా ఇంకా పైకి, చెట్లు ఆగిపోయేచోట తన గుడిసె ఉందనీ, మృగం అక్కడికే వస్తుందనీ చెప్పాడు.

ఇనాయతుల్లాకు ఉర్దూ ఉంది కాబట్టి కుందన్‌సింగ్ హిందీ ముక్కలు ముక్కలుగా అర్థమయింది. ఓబులేసుకు అదీ లేదు. ప్రతి పది అడుగులకూ "ఏమంటాండాడు మామా?" అని అడిగేవాడు. రైల్లో మొదటి రెండు రోజులు వాళ్ళ మధ్య మాటల్లేవు. మూడోరోజు ఓబులేసు తనంతట తనే మామా అని పిలిచాడు. పెట్టె ఈడ్చిన సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఎక్కుడు మొదలైంది. దేవదారు చెట్ల కింద నేల సూదుల్లాంటి ఆకులతో మెత్తగా జారుతోంది. కుందన్‌సింగ్ వీపున మూట కట్టుకుని చేతులు వెనక్కి పెట్టుకుని, ఇంటి వసారాలో తిరుగుతున్నట్టు నడుస్తున్నాడు. ఇనాయతుల్లాకు ఇరవై అడుగులకొకసారి ఆగాల్సి వస్తోంది. ఊపిరి ఎంత లాగినా రొమ్ము నిండడం లేదు. తల వెనక ఎవరో వేలితో పొడుస్తున్నట్టు నొప్పి.

"ఈడ గాలి తక్కువంటాండాడు. నిదానంగా నడవమంటాండాడు."

"గాలి తక్కువేంది మామా, ఇంత విసురుగా కొడతాండాది" అని ఓబులేసు గొంగడి తలమీదికి లాక్కున్నాడు. కానీ వాడి కళ్ళు మాత్రం ఆగలేదు. చిన్నప్పటి నుంచీ పులివెందుల గుట్టల్లో జీవాలను మేపిన కళ్ళు. కుందన్‌సింగ్ కంటే ముందే వాడు చూసేవాడు. ఎదురుగా నిట్టనిలువు బండ మీద, పాదం మోపే చోటు లేని దగ్గర, మెడచుట్టూ దట్టమైన జూలున్న కొండమేకలు ఐదు నిలబడి ఉంటే వాడే చూపించాడు. ఒకటి బండ అంచున ముందుకాళ్ళు చేర్చి కిందికి చూసి, గోడ మీద బల్లిలా దిగిపోయింది. ఓబులేసు నోరు తెరిచాడు. "మన మేకలు దీని ముందర ఏం పనికొస్తాయి మామా!"

మధ్యాహ్నం ఒక లోయ పైనుంచి ఈల వేసినట్టు అరుపు వినిపించింది. పొదలోంచి ఒక పక్షి పైకి లేచి, రెక్కలు విప్పి వాలుగా కిందికి జారింది. మెడమీద రాగి, వీపుమీద ఆకుపచ్చ, రెక్కలమీద నీలం. ఎండ తగిలి అవన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. మొనాల్ అన్నాడు కుందన్‌సింగ్.

"నెమలికీ కోడికీ పుట్టినట్టుండాది" అన్నాడు ఓబులేసు. చాలా రోజుల తర్వాత ఇనాయతుల్లా నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది.

గుడిసె చేరేసరికి చీకటి పడుతోంది. రాతిగోడలు, పైన పలకరాళ్ళు, లోపల పొగ. కుందన్‌సింగ్ భార్య, ముక్కుకు పెద్ద నత్తు పెట్టుకున్న నలభై ఏళ్ళ మనిషి, పొయ్యి మీద నల్లటి రొట్టెలు కాలుస్తోంది. ఓబులేసు ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు పెద్దవి చేశాడు.

"మామా, రాగులు! ఈడగూడా రాగులే తింటాండారు!"

ఆమెకు మాట అర్థం కాకపోయినా సంతోషం అర్థమైంది. ఇంకో రొట్టె వేసింది.

*

మరుసటి ఉదయం నేలంతా ఉప్పు చల్లినట్టు మంచు. చెట్లు అక్కడ పొట్టివి. తెల్లటి బెరడు కాగితంలా పొరలు పొరలుగా ఊడి గాలికి కొట్టుకుంటోంది. పాతకాలంలో పుస్తకాలు రాసుకున్న భూర్జపత్రం ఇదేనని తెలిసి ఇనాయతుల్లా ఒక పొర చించి జేబులో పెట్టుకున్నాడు.

ముగ్గురూ ఒక బండచాటున కూర్చున్నారు. కదలొద్దు, దగ్గొద్దు అన్నాడు కుందన్‌సింగ్. ఎంతసేపు కూర్చున్నారో. కాళ్ళు తనవి కానట్టు మొద్దుబారాయి. అప్పుడు ఓబులేసు మోచేత్తో పొడిచాడు.

"ఆ రాయి కదిలింది మామా."

అది రాయి కాదు. బూడిదరంగు జీవం, పొట్టేలు పిల్లంత. కొమ్ములు లేవు. వెనకకాళ్ళు ముందుకాళ్ళ కంటే పొడుగు కావడంతో ఎప్పుడూ దిగుడులో ఉన్నట్టు ముందుకు వంగి ఉంది. పైపెదవి కింది నుంచి రెండు కోరలు, సన్నగా, తెల్లగా, వంకరగా దిగి ఉన్నాయి. కుందేలులా గెంతి, ఆగి, చెవులు రెండు వైపులా తిప్పి, వంగి ఉన్న చెట్టు కొమ్మ మీదికి నడుచుకుంటూ పోయి, పైన వేలాడుతున్న నాచును పెదాలతో తుంచుకుంది.

ముప్పై ఏళ్ళుగా ఇనాయతుల్లా దీని పేరు చెప్పి అమ్మాడు. పెళ్ళికూతుళ్ళ తల్లులకు, బాలింతలకు, ఆఖరి ఊపిరిలో ఉన్న ముసలివాళ్ళ కొడుకులకు. అడిగినవాళ్ళందరికీ అది లేడిలా ఉంటుందనీ, బంగారు రంగనీ, తన వాసన తనకే తెలియక అడవంతా వెతుక్కుంటుందనీ చెప్పాడు. ఎదురుగా ఉన్న ఈ జీవానికి బంగారమూ లేదు, వెతుకులాటా లేదు. అది ఆకలితో ఉంది, నాచు తింటోంది, అంతే.

"ఇదేనా?" అన్నాడు ఓబులేసు గుసగుసగా. "దీనికోసమా మనం ఇంత దూరం వచ్చింది?"

ఆ మాటకే అది చెవులు నిక్కించింది. బుస్సుమని ఒక చప్పుడు చేసి రెండు గెంతుల్లో చెట్లలో కలిసిపోయింది.

కుందన్‌సింగ్ లేచాడు. కొండ నడుం పొడుగునా మోకాలెత్తున కంపతో అల్లిన కంచె వెంట నడిపించాడు. కంచెలో ఇరవై ముప్పై అడుగులకొక సందు. జీవాలు కంచె దూకవు, సందు వెతుక్కుని దూరతాయి. సందు సందుకూ నేలలో ఒక ఉచ్చు, పైన వంచి కట్టిన బలమైన కొమ్మ.

మూడో సందులో ఒకటి వేలాడుతోంది. ఎప్పుడో చచ్చి బిగుసుకుపోయింది. కోరలు లేవు. ఆడది. కుందన్‌సింగ్ ఉచ్చు విప్పి దాన్ని తిరగేసి, "దండగ" అన్నాడు. దాని పొదుగు నిండుగా ఉంది. ఓబులేసు మోకాళ్ళ మీద కూర్చుని వేలితో తాకాడు. పాలు గడ్డకట్టి ఉన్నాయి.

"ఎన్నిటికి ఒక నాభి దొరుకుతాదో అడుగు మామా."

ఇనాయతుల్లా అడిగాడు. కుందన్‌సింగ్ వేళ్ళు విప్పి చూపించాడు. నాలుగు, ఒక్కోసారి ఐదు. ఉచ్చుకు ఆడా మగా ఏం తెలుస్తుంది అన్నాడు.

"ఏమన్యాడు?"

"ఏం లేదులే."

ఓబులేసు లేచి మోకాళ్ళ మీది మంచు దులుపుకున్నాడు.

మూడోరోజు మగది పడింది. కాలికి ఉచ్చు బిగిసి, ప్రాణంతో. వీళ్ళను చూసి పైకెగిరి పడింది, బుస కొట్టింది, వెంట్రుకలు పుల్లల్లా విరిగి మంచుమీద రాలాయి. కుందన్‌సింగ్ కర్రతో చెవి వెనక ఒక్కటే దెబ్బ కొట్టాడు. ఓబులేసు మొహం తిప్పుకోలేదు. రెడ్డి చూసి రమ్మన్నాడు, వాడు చూశాడు. కత్తి బొడ్డు కింద తిరిగింది. నాభి కుందన్‌సింగ్ అరచేతిలో వెచ్చగా పొగలు కక్కుతూ కనిపించింది.

ఇనాయతుల్లా దాన్ని రెండు చేతుల్లో తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

ఒక్కసారి వెనక్కి జరిగాడు. ముక్కుపుటాలు మండాయి. పశువుల కొట్టం వాసన, మూత్రం వాసన, ఇంకా పేరు తెలియని ఘాటు ఏదో. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పచ్చిది కదా, ఎండితే మారుతుంది అనుకున్నాడు.

*

మధ్యాహ్నం ఎండ పడుతున్న గోడవారన కుందన్‌సింగ్ భార్య పని చేసుకుంటోంది. ఇనాయతుల్లా దగ్గరికి పోయి కూర్చున్నాడు. పోయిన ఏడాది ఎండిన అసలు గింజలు కొంచెం చూపించమని అడిగాడు. ఆమె డబ్బా తీసి, మిరియాల్లాంటి నల్లటి గింజలు రెండు అతడి అరచేతిలో వేసింది. నలిపి వాసన చూశాడు. ఘాటు తగ్గింది, అడుగున తియ్యదనం వచ్చింది. అయినా ఇది పొద్దున్నే ముక్కు మండించిన వాసనే. ముప్పై ఏళ్ళుగా అతడి అంగట్లో ఉన్న వాసన మాత్రం ఇది కాదు.

ఆమె ముందు నాలుగు ఖాళీ తోలుసంచులు, ఒక గిన్నెలో నల్లటి ముద్ద ఉన్నాయి.

"అదేమిటి?"

"ఎండిన నెత్తురు, కాలేయం, కొంచెం మట్టి, సువాసనకు ఏవో మూలికలు" అంది ఆమె, వంట సంగతి చెబుతున్నట్టు మామూలుగా. "కిందివాళ్ళకు నాభి లావుగా, నిండుగా ఉండాలి. వాసన కమ్మగా ఉండాలి. అసలుది ఉన్నదున్నట్టు ఇస్తే కంపంటారు. ఒక నాభిలోది తీసి నాలుగు చేస్తాం. మూతి దగ్గర మాత్రం రెండు అసలు గింజలు పెట్టాలి. దారంతో సూది గుచ్చి చూస్తారు కదా, అక్కడే గుచ్చుతారు."

ఆమె చూపుడువేలితో ముద్దను సంచిలో కూరి, మూతి మీద రెండు గింజలు అద్ది, ఎముక సూదిలో దారం ఎక్కించింది. ఒక పోగు కుడినుంచి, ఒక పోగు ఎడమనుంచి అడ్డంగా తీసి బిగించింది. మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ. చివర పళ్ళతో దారం కొరికింది.

ఇనాయతుల్లా ఆ కుట్టు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఈ కుట్టు మీరొక్కరే వేస్తారా?"

"మా అత్త నేర్పింది. మా లోయలో అందరం ఇట్లానే కుడతాం. ఢిల్లీ వర్తకుడు వచ్చి తీసుకుపోతాడు. ఆ తర్వాత ఎక్కడికి పోతాయో మాకేం తెలుసు?"

ఓబులేసు వచ్చి పక్కన కూర్చున్నాడు. గిన్నెను, సంచులను, ఇనాయతుల్లా మొహాన్ని మార్చి మార్చి చూశాడు. ఆ కుట్టును ప్రొద్దుటూరు బజారులో వాడూ చూశాడు. ఈసారి ఏమంటాందని అడగలేదు.

ఇనాయతుల్లా అన్నాడు. "రెడ్డి చెప్పిందే నిజం ఓబులేసా. నేను ఖురాను పట్టుకోని అబద్ధమాడినా."

"తెల్సి ఆడలేదు గదా మామా."

"తెల్సుకోకుండా ముప్పై ఏండ్లు అమ్మినా గదప్పా."

ఓబులేసు ఒక పుల్ల తీసుకుని మంచులో గీతలు గీశాడు. "ఒక మాట చెప్తా. ఆ పొద్దు తెల్లారంగానే బిడ్డకు మూర్ఛ వచ్చింది. జమ్మలమడుగు ఆసుపత్రికి పోదామని యశోదమ్మ ఒకటే ఏడుపు. నేను బండి కట్టినా. ఎద్దులు కాడి కింద నిలబడుకోని ఉండాయి. రెడ్డి బయటికొచ్చి, మన కాడ అసలు కస్తూరి ఉండాది, ఎండలో బిడ్డను తిప్పేదేంటికి, బండి ఇప్పురా అన్యాడు." పుల్ల విరిగింది. "ఇప్పినా. మళ్ళా కట్టమని చెప్తారేమో అని ఆడ్నే నిలబడుకోని ఉన్నా. ఎవురూ చెప్పలా. నేను అడగలా."

అవతలి కొండ మీద ఒక పెద్ద రాబందు రెక్కలు ఆడించకుండా గుండ్రంగా తిరుగుతోంది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

*

పులివెందుల దగ్గరి రెడ్డి ఊరు చేరేసరికి కార్తీకం వచ్చింది. వేరుశనగ పీకుళ్ళు అయిపోయి చేలు బోసిగా ఉన్నాయి. పడసాలలో రెడ్డి, ఆయన చిన్నకొడుకు, ఊరి పెద్దలు ముగ్గురు కూర్చున్నారు. లోపలి వాకిలి దగ్గర గడపకు ఆనుకుని యశోదమ్మ నిలబడి ఉంది. ఆమె వెనక, నెలలు నిండిన చిన్నకోడలు.

ముందు ఓబులేసు చెప్పాడు. కొండలు, మంచు, బండ మీద మేకలు, తొమ్మిది రంగుల పక్షి. పెద్దలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. "మృగాన్ని నా కండ్లారా చూసినానయ్యా. నా ముందరే కోసినారు" అని ముగించాడు.

రెండు పళ్ళాలు తెచ్చారు. ఒకదాంట్లో వెండి భరిణెలోని సగం నాభి. రెండోదాంట్లో కొండ నుంచి తెచ్చింది. రెడ్డి కొండది ఎత్తి వాసన చూశాడు. మొహం ముడుచుకుని చెయ్యి దూరంగా పెట్టాడు. పెద్దలు ఒకరి తర్వాత ఒకరు చూశారు. ఒకాయన ముక్కు మూసుకున్నాడు.

"ఇది కస్తూరేంది? గొడ్లసావిడి కంపు!"

రెడ్డి భరిణెలోది తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. పడసాలంతా కమ్మటి వాసన అలుముకుంది. ఆయన భుజాలు ఒక్కసారి కిందికి దిగాయి. చాలా నెలలుగా ఎత్తిపట్టుకున్న బరువును దించినట్టు.

"ఇదే గదా కస్తూరి" అన్నాడు. "ఆ కొండోళ్ళెవరో నిన్ను మోసం చేసినారు సాయిబూ. నువ్వమ్మింది అసలుదే. ఆ కడపాయప్ప మాట విని నిన్ను బజారులో నానా మాటలు అంటి. బిడ్డకు ఆయుస్సు లేదు, అంతే. మనం చేయాల్సింది మనం చేసినాం." చిన్నకొడుకు వైపు తిరిగాడు. "ఈ మిగిలింది భద్రంగా దాచిపెట్టు. రేపు మీ బిడ్డకు పనికొస్తాది."

ఓబులేసు ఏదో అనబోయి ఇనాయతుల్లా వైపు చూశాడు.

ఇనాయతుల్లా తల వంచుకుని ఉన్నాడు. ఈ మాటలకోసమే కొండలెక్కాడు. ప్రమాణం నిలిచింది. రేపు బజారులో తల ఎత్తుకుని పలకలు తీయొచ్చు. ఎదురుగా ముసలాయన మొహంలో ఇప్పుడిప్పుడే కొంచెం రక్తం తిరుగుతోంది. నోరు మూసుకుంటే అందరికీ నెమ్మది. వాకిలి దగ్గర చిన్నకోడలు ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని, ఇంకో చెయ్యి భరిణె కోసం చాపింది.

"దాన్ని దాచొద్దమ్మా" అన్నాడు.

అందరూ తిరిగి చూశారు.

"అది నకిలీ రెడ్డీ. కంపు కొడుతుండేదే అసలుది. మీ కాడుండేది ఎండిన నెత్తురు, కాలేయం, మట్టి. ఎట్ల చేస్తారో, ఎట్ల కుడతారో నా కండ్లతో చూసినా. నేను తెలీక ప్రమాణం చేసినా. అది తప్పుడు ప్రమాణం."

పెద్దల్లో ఒకాయన, "సాయిబూ, మతి ఉండే మాట్లాడుతాండావా?" అన్నాడు.

"నిజమేనయ్యా" అన్నాడు ఓబులేసు. "నేనూ చూసినా."

రెడ్డి చేతిలోంచి నాభి పళ్ళెంలో పడింది. ఆయన తన కుడిచేతి చూపుడువేలి వైపు చూసుకున్నాడు. తేనెలో రంగరించి రాసిన వేలు. ఆ వేలును ఏం చేయాలో తెలియనట్టు గాల్లో అట్లాగే పట్టుకుని ఉన్నాడు.

యశోదమ్మ గడప దాటి వచ్చింది. పెద్దల ముందుకు రావడం ఆ ఇంట్లో అలవాటు లేదు. ఎవరూ వద్దనలేదు.

"దానివల్లే పోయినాడా సాయిబూ?"

"దానివల్ల పోలేదు తల్లీ. దానివల్ల బతికేదీ లేదు."

"అసలుది రాసింటే?"

అతడు కొండది చూశాడు. ఆమెను చూశాడు. "తెలీదు తల్లీ. నాకు తెలీదు. తెలుసునని ఇన్నేండ్లు అమ్మినా."

ఆమె తల ఊపింది. వాకిలి బయట కొయ్యకు కట్టిన ఎద్దుల వైపు ఒకసారి చూసింది. ఆ చూపు రెడ్డి చూశాడు, ఓబులేసు చూశాడు. బండి మాట ఎవరూ ఎత్తలేదు.

"మాట ప్రకారం అంగడి మూసేస్తానమ్మా" అన్నాడు ఇనాయతుల్లా.

"మూసి?"

అతడికి అర్థం కాలేదు.

"నువ్వు మూస్తే నీ కాడ కొన్నోళ్ళకు ఎవురు చెప్తారు? యాడ యాడ ఎంతమంది ఇండ్లల్లో పెట్టుకోని ఉండారో. బిడ్డలుండే ఇండ్లు గదా అవి." ఆమె గొంతు పెరగలేదు. "అంగడి తెరువు. వచ్చినోళ్ళకు చెప్పు. రానోళ్ళ ఇండ్లకు పోయి చెప్పు. తిడతారు, తిట్టించుకో."

ఆమె లోపలికి పోయి రాగి చెంబుతో నీళ్ళు తెచ్చింది. తండ్రి ముందు నిలబడింది. ఆయన చేతులు చాపలేదు. ఆమే వంగి మణికట్టు పట్టుకుని, పడసాల అంచు దాకా నడిపించుకుపోయి నీళ్ళు పోసింది. రెడ్డి వేళ్ళు రుద్దుకున్నాడు, వాసన చూసుకున్నాడు, మళ్ళీ రుద్దుకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయిగాని శబ్దం రావడం లేదు. చెంబు ఖాళీ అయితే ఓబులేసు పరిగెత్తి బావి దగ్గర నుంచి బిందె తెచ్చి పెట్టాడు.

యశోదమ్మ చెంబు ముంచింది.

"నువ్వూ పట్టు సాయిబూ" అంది.

ఇనాయతుల్లా వచ్చి రెడ్డి పక్కన గొంతుక్కూర్చుని రెండు చేతులూ చాపాడు. నీళ్ళు చల్లగా పడ్డాయి.